ముగ్గు పోయకముందు

మా ఇల్లు కూలిందని ఊళ్ళో అంటారు గాని, నిజానికి కూలలేదు, చతికిలబడ్డది. రెండేళ్ళ కిందటి ముసురుకు ఉత్తరం దిక్కు కప్పు దిగి గూన పెంకంతా అర్రలో కుప్పయింది. దక్షిణం వాసాలకు అంతకు ముందే చెదలు పట్టాయి. మిగిలినవి రాతి గోడలు, నడిమిట్ల నాలుగు మొగురాలు, తలుపు లేని ఒక దర్వాజ. నాలుగు దిక్కుల కప్పూ లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించే ఇంటిని కోస్తావాళ్ళు మండువా అంటారు, మేం భవంతి అంటాం. ఇప్పుడు మా భవంతికి అంతా ఆకాశమే.

ఊరు నల్లగొండ జిల్లా పడమటి అంచున, మర్రిగూడ దిక్కు. అక్క ఆ చుట్టుపక్కల సర్కారు బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయింది. అమ్మను తీసుకొని ఇక్కడే ఉంటానంటున్నది. నేను హైదరాబాదులో ఉంటాను, బతుకమ్మకో దసరాకో వస్తాను. రాస్తున్నది నేను గనక నా మాటలు కాస్త నిండుగా కనిపించవచ్చు. వడ్ల కాంటా దగ్గర తీసినట్టు చదివేవాళ్ళు తరుగు తీసుకోవాలి.

సంక్రాంతి పోయినంక ఒక పొద్దున ఇద్దరం ఆ గోడల నడుమ నిలబడ్డాం. సుతారిని రమ్మన్నాం, ఆయన ఇంకా రాలేదు.

నేను: గోడలు ఉంచుదాం అక్కా. మొగురాలు ఉంచుదాం. నడిమి వాకిలి ఉంచుదాం. మిగతాది కొత్తగ కడదాం.

అక్క: జేసీబీ ఆయన రెండు గంటల పని అన్నడు. రాయి కూడ ఆయనే ఎత్తుకపోతడట, ఎదురు పైసలు ఇస్తడట. నువ్వేమో ఉంచుదాం అంటవు. ఎందుకు ఉంచాలె, ఒక్కటి చెప్పు.

నేను: గోడ రెండడుగుల మందం. ఎండకాలం పగటీలి లోపల ఎంత సల్లగుండేదో యాదికి లేదా?

అక్క: పగలు సల్లగనే ఉంటుండె. రాత్రి? పగలంత మింగిన ఎండను రాత్రి కక్కుతుండె. అందుకే నువ్వూ నాయినా బయట నవారు మంచాలేసుకొని చుక్కలు లెక్కపెట్టేటోళ్ళు. నేనూ అమ్మా ఆడోళ్ళం గనుక అర్రల. నీకు సల్లటి ఇల్లు యాదికున్నది, నాకు ఉడికిన ఇల్లు యాదికున్నది. రెండూ ఒక్కటే ఇల్లు తమ్మీ.

(ఇది నాకు ఇన్నేళ్ళలో తోచలేదు. మందపాటి రాతిగోడ గుణమే అది. బయటి వేడి గోడ దాటి లోపలికి రావడానికి గంటలు గంటలు పడుతుంది. పగటి ఎండ, పొద్దుగూకాక లోపలికి చేరుతుంది. భవంతి నడుమ ఖాళీ ఆ వేడిని పైకి సాగనంపుతుంది. అర్ర తలుపు మూసి లోపల పండుకోమన్నప్పుడు ఆ దారి కూడా మూతబడుతుంది.)

నేను: మరి స్లాబు సల్లగుంటదా? మే నెలల పెనం లెక్క కాలుతది.

అక్క: కాలుతది. నాకు తెల్వదా. అమ్మ అర్రల ఏసీ పెడత. ఇంటి ముచ్చట అంటే ఎండ ఒక్కటేనా?

నేను ఫోన్ తీశాను. ఈ మాట కోసం రాత్రంతా సిద్ధపడి ఉన్నాను.

నేను: ఇంగ్లండుల ఆస్ట్లీ కాసిల్ అని పాత కోట ఉన్నది. 1978ల కాలిపోయింది. మొండిగోడలను పడగొట్టకుండ వాటి నడుమనే ఇటుకతోని, కట్టెతోని కొత్త ఇల్లు అల్లిండ్రు. 2013ల ఆ దేశపు కట్టడాలకు ఇచ్చే పెద్ద బహుమతి, స్టిర్లింగ్ ప్రైజ్, దానికే వచ్చింది. చూడు.

అక్క: (కండ్లద్దాలు సవరించుకొని, నిమ్మళంగా చూసి) బాగుంది. మస్తుగుంది. అండ్ల ఎవరుంటరు?

నేను: ...సెలవులకు కిరాయికి ఇస్తరు.

అక్క: అదీ. నాలుగు దినాలుండి పోయేటోళ్ళకు మొండిగోడ సక్కగనే ఉంటది. వానకాలం ఆ రాతి సందులకెల్లి జెర్రులు వస్తే చూడనీకి బహుమతి ఇచ్చినోళ్ళు వస్తరా? నేను ఏడాది పొడుగూత ఊడ్వాలె ఈ ఇంటిని. అసలు ఊడ్చేటోళ్ళను అడిగినవా నువ్వు?

అడగలేదు. మాట మార్చాను.

నేను: వనపర్తి రాజుల బంగ్లల పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల కోటల కాలేజీ ఉన్నది. పాతది పనికి రాదనుకుంటే...

అక్క: సర్కారుకు వంద మంది మనుషులున్నరు. మనకు నేనున్న.

ఆమె ఉత్తరం గోడ దగ్గరికి పోయింది. రెండు రాళ్ళ నడుమ వేలు పెట్టి గీరితే సున్నం పొర చిట్లి, వెనకాల నుంచి ఎర్రమట్టి పిండిలాగ జలజలా రాలింది. అరచేత పట్టి నాకు చూపించింది.

అక్క: బయటికి సున్నం, లోపల ఉత్త మట్టి. నీకు కిల్లారి భూకంపం యాదికున్నదా? 1993, సెప్టెంబరు 30, తెల్లారుజాము. వినాయకుణ్ణి సాగనంపి పండుకున్నోళ్ళు పండుకున్నట్టే పోయిండ్రు. వేల మంది. మా బడిల చందాలు వసూలు చేసి పంపినం. ఆ ఇండ్లు కూడ గివే. రాయి, మట్టి, నెత్తిన బరువు.

నేను: అక్కడివి మట్టి మిద్దెలు. మీద మూరెడు మందం మన్ను. మనది గూన పెంక, తేలిక. మీదికెల్లి మనది ప్రమాదం తక్కువున్న జోను.

అక్క: కిల్లారి కూడ అప్పటి పటంల అన్నిటికన్న కింది జోన్లనే ఉండె.

ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదనుకున్నాను. లెక్కల టీచరుతో వాదించేటప్పుడు ఇలాంటి ఆశలు పెట్టుకోకూడదు.

నేను: గోడ తప్పు కాదక్కా, కట్టుబాటు తప్పు. మన గోడ చూడు, అటొక మొగం, ఇటొక మొగం, నడుమ చిల్లర రాయి, మట్టి. రెండు మొగాలకూ సంబంధం లేదు. ఊగితే అటుదటు, ఇటుదిటు పడుతది. ఈ మొగం నుంచి ఆ మొగానికి అందే పొడుగు రాయి అక్కడొకటి ఇక్కడొకటి పెడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటయి. దర్వాజ ఎత్తుల చుట్టూ కాంక్రీటు పట్టీ పోస్తే మొలతాడు కట్టినట్టు. కిల్లారి తర్వాత నిలిచిన ఇండ్లను బాగుచేసేటప్పుడు గిట్లనే చేయమన్నరు.

అక్క: ఇవన్ని తెలిసినోడివి, గీ రెండేండ్లు గోడ నెత్తిన ఒక తాడిపత్రి కప్పేది ఉండె గద. ఎంత పిరమని! వాన పడ్డప్పుడల్ల హైదరాబాదులకెల్లి ఫోన్ చేసి "అక్కా, ఇల్లెట్లున్నదే" అని అడిగితివి.

ఈ దెబ్బకు నా దగ్గర జవాబు లేదు. సుతారి రావడం నా అదృష్టం.

ఆయన పాలమూరు మనిషి. హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టాడు, పూణెలో కట్టాడు, ఇప్పుడు వయసు మీదపడి ఊళ్ళ దగ్గరి పనులే ఒప్పుకుంటున్నాడు. చేతిలో గడ్డపార. లోపలికి రమ్మంటే వచ్చాడు గాని, కడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చెప్పులు విడిచాడు. కప్పు లేని, పెంకులు గుచ్చుకునే ఇంట్లోకి.

గడ్డపార మొనతో కాదు, మొద్దు దిక్కుతో గోడను కొట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ చుట్టూ తిరిగాడు. దక్షిణం దిక్కు ఖంగుమంది. ఉత్తరం దిక్కు బొద్దుమంది.

సుతారి: టీచరమ్మా, ఈ దక్షిణం గోడ గట్టిగున్నది, దానికి ఢోక లేదు. పడమటిది కూడ నడుస్తది. ఆ ఉత్తరం గోడ పొట్ట తీసింది. నెత్తి మీదికెల్లి నీళ్ళు దిగినయి, మట్టి కిందికి జారి నడిమిట్ల గుద్దుకున్నది. దాన్ని విప్పాల్సిందే. కూలగొట్టుడు కాదు, విప్పుడు.

అక్క: మూడు గోడలకు స్లాబు మోసే బలమున్నదా?

సుతారి: లేదు. స్లాబు బరువు పిల్లర్ల మీదికి పోవాలె. గోడకు జానెడు ఇవతల పిల్లర్లు లేపి, స్లాబు గోడను తాకకుండ వేస్తే గోడ ఊకె నిలబడి ఉంటది.

నేను: నేను చెప్పింది అదే! పాత గోడ పాతదే, కొత్త కట్టుడు కొత్తదే. ఒకదాని మీద ఒకటి ఆనదు.

అక్క: ఆ జానెడు సందుల తేలు దూరితే పొరక పోతదా? చెయ్యి పోతదా?

నేనూ సుతారీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను గీసుకున్న ఇంటి బొమ్మ మీద ఆ సందు నాకు చాలా ఇష్టమైన గీత. కొత్తదానికీ పాతదానికీ నడుమ వెలుగు దిగే గీత. అక్క కళ్ళకు అది తేళ్ళ దొడ్డి.

సుతారి: అయితే రేకు కప్పో పెంక కప్పో పెట్టుకోరి, స్లాబెందుకు? గోడ మీద కాంక్రీటు పట్టీ పోసి, దాని మీద ఇనుప పైపుల వాసాలు. మీద బెంగుళూరు పెంక. బరువు గోడే మోస్తది. సందు ఉండదు.

అక్క: కోతులు పెంకలను ఉంచుతయా?

(దీనికి ప్రపంచంలో ఏ వాస్తుశిల్పి దగ్గరా జవాబు లేదు. తెలంగాణ పల్లెల్లో పెంకుటిల్లు పోవడానికి సిమెంటు ఎంత కారణమో కోతి అంతే కారణమని నా అభిప్రాయం.)

కాసేపు ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. అంటే నేనూ అక్కా కూర్చున్నాం, సుతారి నిలబడే మాట్లాడుతున్నాడు. అక్క కూసోమంటే కూర్చున్నాడు, అంచు మీద.

నేను: ఈ అరుగును మాత్రం కదిలియ్యొద్దు. ఊరంత ఈడ కూసొనే ముచ్చట పెట్టేది.

అక్క: ఊరంతనా?

సుతారి: (నవ్వి) ఈ రాళ్ళు మా తాత కొట్టిండని మా నాయిన చెప్తుండె సారూ. కొట్టిండు, పేర్చిండు. ఇల్లయినంక లోపటికి వచ్చిండో, అరుగు మీద కూసున్నడో, అది చెప్పలే.

ఎవరం ఏం మాట్లాడలేదు. తర్వాత అక్కే అంది.

అక్క: గీ ఇంట్ల నువ్వు ఉంచాల్నన్న ఒక్కొక్కదానికి ఒక్కొక్క మనిషి ఉన్నరు తమ్మీ. కడప అన్నవు. జాజు పెట్టి, పసుపు రాసి, లక్ష్మీదేవి కడప అన్నవు. అడుగున్నర ఎత్తు. అమ్మ మోకాళ్ళకు ఆ కడప ఎక్కరాదు. నీ లక్ష్మీదేవి వీల్‌చెయిర్ల వస్తే ఏం చేస్తవు? దొడ్డి అన్నవు, వేపచెట్టు కింద సల్లగుండేదన్నవు. ఆ దొడ్డికి మేం చీకటి పడ్డదాక ఆగి పోయేటోళ్ళం. మల్ల తెల్లారకముందు.

నేను: అట్ల చూస్తే ఏదీ మిగలదు అక్కా. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్ల మునుగుతదని కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయికీ నంబరేసి విప్పి, అలంపురం తెచ్చి మల్ల కట్టిండ్రు. రాయికి విలువ ఇచ్చిండ్రు గనుకనే గద.

అక్క: ఆ మునిగిన ఊళ్ళల్ల ఇండ్లకు నంబర్లేసిండ్రా?

లేదు. మనుషులు తలుపులూ దూలాలూ పీక్కొని బండ్ల మీద వేసుకొని పోయారు. ఆ మాట నేను పైకి అనలేదు. నల్లమల అంచు ఊళ్ళలో అలా వచ్చిన దర్వాజలు ఇప్పటికీ కొత్త ఇళ్ళకు ఉంటాయి, గోడ ఒక కాలానిది, దర్వాజ ఇంకొక కాలానిది.

సుతారి: నంబర్లంటే యాదికొచ్చింది. ఆ ఉత్తరం గోడ విప్పేటప్పుడు అన్ని రాళ్ళకు అక్కర లేదు గని, మూల రాళ్ళకు, దర్వాజ పక్క రాళ్ళకు నంబర్లేస్త. అవి చెక్కిన రాళ్ళు. ఇప్పుడు అట్ల చెక్కేటోళ్ళు దొరకరు. మిగతాది చిల్లరే.

నేను: కట్టేటప్పుడు మాత్రం సున్నంతోని కట్టాలె. సిమెంటు వద్దు. యాదగిరిగుట్ట గుడిని మొన్న సిమెంటు లేకుండ డంగు సున్నంతోనే గద కట్టింది. 2022 మార్చిల తెరిచిండ్రు.

అక్క: దేవునికి తొందర లేదు. అమ్మకు ఉన్నది.

సుతారి: సారు చెప్పేదాంట్ల కొంత ఉన్నదమ్మా. మట్టి గోడకు సిమెంటు పూస్తే తడిసిన అంగి మీద రెయిన్‌కోటు తొడిగినట్టు. లోపలి తడి బయటికి పోక, రెండు వానలకు పెచ్చు పెచ్చు లేస్తది. ఉంచే గోడలకు సున్నమే పుయ్యాలె. కాని గానుగ ఏడున్నది? ఎడ్లు ఏడున్నయి? కరక్కాయ నానబెట్టి, బెల్లం నీళ్ళు పోసి, సున్నాన్ని దినాల కొద్ది మాగబెట్టే ఓపిక ఎవరికున్నది? మిక్సర్ల తిప్పుకోవచ్చు గని, మాగబెట్టుడు మాత్రం మిక్సర్ చెయ్యదు.

అక్క: సిమెంటు అనంగనే ఏదో పరదేశిది అన్నట్టు మాట్లాడుతవు నువ్వు. మేళ్ళచెరువు, మఠంపల్లి, వాడపల్లి ఎక్కడియి? ఉమ్మడి నల్లగొండయే గద. మన కృష్ణ ఒడ్డు సున్నపురాయే అటు పోయి బస్తాల తిరిగి వస్తున్నది. సాగర్ డ్యాం రాతి కట్టడమని మురుస్తవు. మురువు. ఆ రాళ్ళు మోసినోళ్ళల్ల ఎంతమంది మట్టింట్ల పండుకున్నరో అది కూడ యాది చేసుకో.

సుతారి మళ్ళీ నవ్వాడు. ఆయన నవ్వు ఎవరి పక్షమో చివరిదాకా నాకు తేలలేదు.

నేను: (కొంచెం కోపంగనే) సరే, నీ ఇష్టం. నాయిన కట్టిన ఇల్లు, కొడుకుగ ఒక మాట చెప్పుకున్న.

అక్క: నాయిన కట్టలేదు, తాత కట్టిండు. ఇంక కొడుకు ముచ్చట అంటవా, 1985 సెప్టెంబరు 5. టీచర్ల దినం నాడే. రామారావు సర్కారు తెచ్చిన చట్టం ఆ తారీకు నుంచి లెక్క. ఆ నాటికి పెండ్లి కాని బిడ్డకు కొడుకుతోని సమానంగ వాటా. నా పెండ్లి అయింది 86ల. ఢిల్లీ వాళ్ళు 2005 దాక తేలే. గుర్తుపెట్టుకో, నిన్ను అడిగి ఈడ ఉంటలేను నేను.

ఆ మాట తర్వాత సంవాదం సంవాదంగా సాగలేదు. కోపం వచ్చినప్పుడు అక్క లెక్క చేస్తుంది. ఆ రోజూ చేసింది. నడిమి వాకిట్లోకి పోయి, నాలుగు మొగురాల నడుమ నిలబడి పైకి చూసింది. అక్కడ ఇంతకు ముందు నాలుగు వాలుల నీళ్ళూ దిగే గచ్చు గుంట ఉండేది, పెంకు ముక్కలతో పూడిపోయింది. కాలితో ముక్కలు పక్కకు తోసింది.

అక్క: కప్పు వెయ్యి నూట ఎనభై చదరపుటడుగులు వస్తది. నూట పది చదరపు మీటర్లు అనుకో. ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల వాన పడ్డదనుకుందాం. అరవై ఆరు వేల లీటర్లు. పదిల రెండు పాళ్ళు పోయినా యాభై రెండు వేలు. ముగ్గురికి తాగనీకి, వండనీకి రోజుకు ముప్పై లీటర్లు, ఏడాదికి పదకొండు వేలు.

నేను: మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నయి గద?

అక్క: వస్తయి. పైపు పలిగిన నాడు మల్ల బోరే. ముప్పై ఏండ్లు ఈ పిల్లల పండ్లు చూసిన నేను. గార పట్టిన పండ్లతోని నవ్వనీకి సిగ్గుపడి, చెయ్యి అడ్డం పెట్టుకొని జవాబు చెప్తుండె. నీళ్ళల్ల ఫ్లోరైడు తీసే పద్ధతి నాగపూర్ల నీరి సంస్థ వాళ్ళు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరు పెట్టిండ్రు. పటికా, సున్నమూ కలిపి తేరబెట్టుడు. లోకమంత నల్లగొండ పద్ధతి అంటరు. పేరు మనది, మోకాళ్ళు మనయి. వాన నీళ్ళల్ల ఫ్లోరైడు ఉండదు. నాలుగు వాలులూ ఒక్క కాడికి దిగే కప్పు ఇదొక్కటే. స్లాబు ఏసినా వాలు ఇటే ఉండాలె. ఈ నడిమి వాకిలి ఉంటది.

నేను గెలిచానని అనుకున్నాను. అరక్షణం.

నేను: అయితే ఇంకొకటి. గీ మూలకు జొన్నల పాతర ఉన్నది గద. రాతి బండ మూత. దాన్నే సంపు చేస్తే? తాత ధాన్యం దాచిన జాగల మనం నీళ్ళు...

సుతారి: వద్దు సారూ. పాతర అంటే పొడిగుండేటందుకు తవ్వింది. గోడకు నాలుగడుగుల దూరంల ఉన్నది. అండ్ల నీళ్ళు పోస్తే జాలు పట్టి పునాది మెత్తబడుతది. మట్టి గోడకు ఎండ ఏం చెయ్యదు, కింది తడే చంపుతది. సంపు బయట కట్టుకోరి.

అక్క అప్పుడు పడమటి గోడలో దీపం గూడు ముందు నిలబడి ఉంది. గూడు లోపలా పైనా నల్లగా మసి, సున్నం మీద సున్నం పూసినా పోని మసి. అందులో వేలు పెట్టి రాసి చూసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేలికి నల్లగా అంటింది.

అక్క: ఈ గోడ ఉంటది. మంచిగున్నదన్నవు గద, ఉంచుర్రి. ఉత్తరం గోడ రాయి విప్పి, సంపుకు, అమ్మ నడిచే వాలు దారికి వాడుర్రి. ఆ జాగల ఇటుక గోడ వస్తది, పెద్ద కిటికీలు వస్తయి. నా వంటింటికి వెలుతురు కావాలె. జాలి కొట్టించాలె, దోమలు రావద్దు. కప్పు స్లాబే, కోతుల కోసం. పిల్లర్లు గోడకు ఆనిచ్చి లేపుర్రి, సందు వద్దు.

సుతారి: ఆనిస్తే గోడా పిల్లరూ కలిసి ఊగయి టీచరమ్మా, పగులు పడుతది.

అక్క: అయితే సందును సున్నంతోని నింపు. మెత్తగుంటదన్నవు గద సున్నం.

సుతారి ఆలోచించాడు. "నింపొచ్చు" అన్నాడు కాసేపటికి, నా దిక్కు చూస్తూ. నేను గీసుకున్న వెలుగు గీత అలా పోయింది. అందులో ఇప్పుడు సున్నం ఉంటుంది. నా సున్నమే.

నేను: మొగురాలు?

అక్క: కట్టె ఏంది?

సుతారి: ఏగిస. నల్లమల కట్టె. చెద ముట్టలే.

అక్క జవాబు చెప్పలేదు. చేతి సంచిలోంచి ముగ్గుపిండి డబ్బా తీసింది. తేవాలని ఎప్పుడనుకుందో, నాకు చెప్పలేదు. వంగి, ముగ్గు వేసినట్టే రెండు వేళ్ళ నడుమ పిండి జారవిడుస్తూ నేల మీద ఇంటిని గీయడం మొదలుపెట్టింది. మొదట వంటిల్లు. వంటింటి నుంచి వాకిలి కనిపించేటట్టు కిటికీ జాగ వదిలింది. తర్వాత అమ్మ అర్ర, కడప లేదు, అడ్డగీత తెంచింది. గీత మొదటి మొగురం దాకా వచ్చి, ఆగి, దాని చుట్టూ తిరిగి అవతలికి పోయింది. రెండో మొగురం దగ్గర కూడా అంతే. మూడోది గోడలో పడింది, గీత దాని మీదుగానే పోయింది.

పడమటి గోడకు ఆనుకొని, వేపచెట్టు కనిపించే మూల, నా బొమ్మలో నేను పుస్తకాల కోసం ఉంచుకున్న జాగ. అక్కడ ఒక నలుచదరం గీసి, నడుం పట్టుకొని లేచి నిలబడింది.

"ఇది బాత్రూం. అమ్మ మంచం కాడికెల్లి ఎనిమిది అడుగులే. నువ్వొకసారి నడిచి చూడు."

నడిచాను. ఏడున్నర.